‘నా బతుకింతే’ అనే మాటను నిలదీయడం ఎలా? నెగెటివ్ ఆలోచనల అలవాటు మాన్పుకునే సాధన, మెట్టు మెట్టుగా

‘నెగెటివ్‌గా ఆలోచించకు, పాజిటివ్‌గా ఉండు’ అనే సలహా ఇచ్చేవాళ్ళకి పైసా ఖర్చు లేదు, పుచ్చుకున్నవాళ్ళకి పైసా లాభం లేదు. పొద్దున్నే వాట్సాప్‌లో సూర్యోదయం బొమ్మ మీద వచ్చే సూక్తుల సంగతీ అంతే. చదివినంతసేపు బాగుంటుంది, పళ్ళు తోముకునేసరికి పాత ఆలోచన పాత చోటే కూర్చుని ఉంటుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో నడుం నొప్పి వచ్చిన మనిషికి ముందు గుర్తొచ్చేది కిడ్నీ. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కారణం ఇదీ అని తేలని కిడ్నీ జబ్బు ఏళ్ళ తరబడి మనుషుల్ని తీసుకుపోతోంది. అక్కడి మనిషితో ‘ఏం కాదులే, మంచిగా ఆలోచించు’ అనడం మభ్యపెట్టడమే. అలాగని ప్రతి నడుం నొప్పీ కిడ్నీ జబ్బు కాదు. అసలు ఆ జబ్బు తొలిదశల్లో చాలామందికి ఏ బాధా తెలియదు. కాబట్టి నొప్పిని చూసి భయపడినా తేలదు, నొప్పి లేదని నిశ్చింతగా ఉన్నా తేలదు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూపించుకుంటే తేలుతుంది. ఫలితం ఎలా వచ్చినా తర్వాత చేయాల్సిన పని ఒకటి కనబడుతుంది.

కింద చెప్పే సాధనంతా ఈ పద్ధతే. భయపెట్టే ఆలోచన మీద తియ్యటి ఆలోచన కప్పబోం, దాన్ని పరీక్షకి పంపుతాం.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో సైకాలజిస్టు ఆల్బర్ట్ ఎల్లిస్ 1950లలో, ఆరన్ బెక్ 1960లలో దీనికి పునాది వేశారు. బెక్ ఫిలడెల్ఫియాలో సైకియాట్రిస్టు. డిప్రెషన్‌తో వచ్చినవాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ లోపల ఇంకో మాట సమాంతరంగా నడుస్తోందని ఆయన గమనించాడు. ఎవరూ పిలవకుండానే వచ్చే ఆ పొట్టి వాక్యాలను ఆయన ‘ఆటోమేటిక్ ఆలోచనలు’ అన్నాడు. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అని ఇప్పుడు డాక్టర్లు చేసే చికిత్స అక్కడి నుంచి పెరిగిందే. అందులో ఇంట్లో కూర్చుని చేసుకోగలిగిన భాగం ఇక్కడ ఇస్తున్నాను.

మొదటి మెట్టు: పట్టుకోవడం

ఒక చిన్న నోటుపుస్తకం కొనండి. ఫోన్‌లో రాసుకున్నా ఫర్వాలేదు కానీ, ఫోన్ తీస్తే రాయడం తప్ప మిగతా పనులన్నీ అవుతాయి. మొదటి వారం ఏ ఆలోచననీ మార్చే ప్రయత్నం చేయొద్దు, రాయడమే పని.

ఎప్పుడు రాయాలి? మనసు ఉన్నట్టుండి దిగిపోయినప్పుడు. అప్పటిదాకా బాగానే ఉన్నారు, ఎవరిదో స్టేటస్ చూశారు, గుండె బరువెక్కింది. లేదా పొట్టలో తిప్పినట్టయింది, నోరు ఎండిపోయింది, ఇంట్లోవాళ్ళ మీద విసుగొచ్చింది. ఆ క్షణంలో ‘ఇప్పుడు నా బుర్రలో ఏటి నడిచింది?’ అని అడగండి. అయిదు సంగతులు రాయండి: టైము, ఎక్కడున్నారు, ఏం జరిగింది, బుర్రలో వచ్చిన మాట, బాధ వందకి ఎంత.

ఆ మాట వచ్చింది వచ్చినట్టే రాయండి. ‘నా భవిష్యత్తు పట్ల ఆందోళనగా ఉంది’ అని మన బుర్ర ఎప్పుడూ అనదు. ‘ఓలమ్మ, ఇంక అయిపోనాది నా పని’ అంటుంది. ‘నానేటి సేసినా ఇంతే’ అంటుంది. దాన్ని పుస్తకాల తెలుగులోకి దిద్దితే కాగితం మీద అందంగా ఉంటుంది గానీ కుట్టేది ఎక్కడుందో దొరకదు.

ఇక్కడ రెండు చిట్కాలు ఉన్నాయి, రెండూ ముఖ్యమైనవే. ఆలోచన ప్రశ్నలా వస్తే దాన్ని వాక్యంగా మార్చండి. ‘నాకు పోస్టు వస్తాదా?’ అనే ప్రశ్న రాత్రంతా తిరుగుతుంది, దాన్ని ఎవరూ పరీక్షించలేరు. అడిగేటప్పుడు మీరు లోపల అనుకుంటున్న జవాబు ‘రాదు’. ఆ ‘రాదు’ రాయండి, నిలదీయడానికి ఒక మనిషి దొరికినట్టే.

రెండో చిట్కా, పైన తేలిన మాటతో ఆగకండి. ‘అయితే ఏటి?’ అని నాలుగుసార్లు అడగండి. రాజాంలో గది తీసుకుని డీఎస్సీకి చదువుతున్న ఒక అమ్మాయిని ఊహించుకోండి. మోడల్ టెస్టులో మార్కులు తగ్గాయి. అయితే ఏటి? పోస్టు రాదు. అయితే ఏటి? నాన్న అప్పు చేసి కోచింగ్‌కి కట్టిన డబ్బు పోయినట్టే. అయితే ఏటి? ‘నాను ఇంటికి బరువు.’ చూశారా, ఆమె ఏడ్చింది మార్కులకి కాదు. మార్కుల గురించి ఎంత ఓదార్చినా ఈ చివరి వాక్యం కదలదు. పుస్తకంలో ఎర్ర ఇంకుతో గీత గీయాల్సింది దాని కింద.

రెండో మెట్టు: జరిగిందీ, అనుకున్నదీ విడదీయడం

ఇది చిన్నదే. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో పాత స్నేహితుడు ఎదురొచ్చాడు, పలకరించకుండా వెళ్ళిపోయాడు. ‘నాకు పని పోయిందని తెలిసి మొహం చాటేశాడు’ అని రాస్తే అందులో జరిగింది సగమే. కెమెరాకి దొరికేది ‘ఎదురొచ్చాడు, మాట్లాడలేదు’ అన్నంత వరకే. మిగతాది మీరు చేర్చింది.

చేర్చింది అబద్ధమని ముందే తీర్మానించకండి, నిజంగానే చాటేసి ఉండొచ్చు. హెల్మెట్‌లోంచి చూడకపోయి ఉండొచ్చు, వాళ్ళింట్లో ఎవరో ఆస్పత్రిలో ఉండి ఉండొచ్చు. ఇప్పటికి ఏదీ తేలలేదని ఒప్పుకుంటే చాలు. పుస్తకంలో పేజీ మధ్య గీత గీసి ఎడమవైపు కెమెరా చూసింది, కుడివైపు మీరు చేర్చింది రాయండి. కొన్నాళ్ళకి కుడివైపు మాటలన్నీ ఒక్క పోలికతో ఉన్నాయని మీకే కనబడుతుంది.

మూడో మెట్టు: ఆ పోలికకి పేరు పెట్టడం

ఆలోచనలు తప్పుదారి పట్టే తీరుల్ని పుస్తకాల్లో పది పన్నెండు రకాలుగా చెబుతారు. అన్నీ బట్టీ పట్టక్కర్లేదు. మన వైపు ఎక్కువగా కనిపించేవి నా లెక్కలో మూడు.

ఒకటి, ఎదుటివాళ్ళ మనసు చదివేయడం. ‘నలుగురూ ఏటనుకుంతారో’ అనేది దీని ఇంటిపేరు. ఊళ్ళు చిన్నవి, అందరికీ అందరూ తెలుసు, కాబట్టి దీనికి మన దగ్గర బలం ఎక్కువ. నలుగురూ నిజంగానే అనుకుంటారు. కానీ ఎంతసేపు? పైడితల్లి సిరిమానోత్సవం రోజు విజయనగరం కోట దగ్గర లక్షల జనంలో నిలబడి కూడా చొక్కా మీద మరక ఉన్నవాడు అందరూ తన మరకనే చూస్తున్నారనుకుంటాడు. జనం కళ్ళు సిరిమాను మీద ఉంటాయి.

రెండోది జాతకం చెప్పడం. ఇంకా జరగనిదాన్ని జరిగిపోయినట్టు మాట్లాడడం. ‘ఇంటర్వ్యూలో మాట పడిపోద్ది.’ ‘ఈ సంబంధం కూడా తప్పిపోద్ది.’ నిజం జాతకం అయితే డబ్బిచ్చి మరీ చెప్పించుకుంటాం, ఇది ఉచితం కనక రోజూ చెప్పుకుంటాం.

మూడోది ముద్ర. ‘ఈసారి తప్పాను’ అనడానికీ ‘నాను పనికిరానోడిని’ అనడానికీ మధ్య చాలా దూరం ఉంది. మొదటిది ఒక పని గురించి, రెండోది మనిషి గురించి. పనిని మళ్ళీ చేయొచ్చు. మనిషికి ముద్ర వేశాక చేయడానికి ఏమీ మిగలదు. మూడింటిలో ఎక్కువ హాని చేసేది ఇదేనని నా అభిప్రాయం. ఎందుకంటే దీన్ని మొదట వేసేది తరచు ఇంట్లోవాళ్ళే, చిన్నప్పుడే, అదీ సరదాగా.

మీ పుస్తకంలో ప్రతి వాక్యం పక్కనా ‘చదివేయడం’, ‘జాతకం’, ‘ముద్ర’ అని రాయండి. ఏదీ అతకకపోతే వదిలేయండి.

నాలుగో మెట్టు: నిలదీయడం

అసలు పని ఇది, తొందరపడకండి. రోజుకి ఒక్క ఆలోచన చాలు, అదీ వేడి తగ్గాక, సాయంత్రం. రాజాం అమ్మాయి వాక్యాన్నే తీసుకుందాం: ‘నాను ఇంటికి బరువు.’

ముందు, దీన్ని ఎంత నమ్ముతున్నారో వందకి అంకె వేయండి. ఆమె 90 వేసిందనుకుందాం.

తర్వాత, ఈ మాటకి అనుకూలంగా ఉన్న రుజువులు రాయాలి. చాలామంది ఈ భాగం దాటేసి నేరుగా ఎదురు రుజువులకి పోతారు, అందుకే మనసు ఒప్పుకోదు. నిజాయితీగా రాయండి: నాన్న అప్పు చేశాడు. నెలనెలా గది అద్దె పంపుతున్నాడు. తమ్ముడి చదువుకి డబ్బు తక్కువైంది. ఇవన్నీ నిజాలే, ఇవి ఉండాలి. కానీ ‘అందరూ అలాగే అనుకుంటున్నారు’ రుజువు కాదు, అది మళ్ళీ మనసు చదివేయడమే. ‘నాకు అలా అనిపిస్తోంది’ కూడా రుజువు కాదు. అనిపించడం గట్టిగా ఉన్నంత మాత్రాన నిజమైపోదు.

ఇప్పుడు రెండో వైపు. ప్రైవేటు బడిలో రెండేళ్ళు పనిచేసి ఆమె జీతం ఇంట్లోనే ఇచ్చింది. అమ్మకి జబ్బు చేసినప్పుడు చదువు ఆపి ఇంటికొచ్చి చూసుకుంది. చదవమని పంపింది నాన్నే, ఈమె అడగలేదు. ఇంకో సంగతి: పెద్ద డీఎస్సీ 2018 నోటిఫికేషన్ తర్వాత మళ్ళీ పరీక్ష దాకా వచ్చింది 2025లో. ఆ మధ్య ఏళ్ళు ఖాళీగా గడిచాయంటే తప్పు ఆమెది కాదు, రావాల్సిన నోటిఫికేషన్ రాలేదు. జిల్లాలో వేలమందికి అదే జరిగింది.

ఎదురు రుజువులు తట్టకపోతే ఒక ప్రశ్న సాయం చేస్తుంది: ఇదే మాట మీ పక్కగది అమ్మాయి అంటే ఆమెకి ఏం చెబుతారు? మన విషయంలో మనం జడ్జీలం, పక్కవాళ్ళ విషయంలో వకీళ్ళం. ఈ పని కోసం వకీలునే పిలవండి.

చివరగా రెండు వైపులా పట్టే ఒక కొత్త వాక్యం రాయాలి. ‘నేను ఇంటికి వెలుగు’ అని రాస్తే బుర్ర నవ్వుతుంది. నమ్మలేని మంచి మాట కన్నా నమ్మగలిగే మామూలు మాట మేలు. ఆమె ఇలా రాసుకోవచ్చు: ‘ఇప్పుడు నా చదువుకి ఇంట్లో ఖర్చవుతోంది, అది నాకు కష్టంగా ఉంది. ముందు నేనూ ఇంటికి పెట్టాను. వచ్చే పరీక్ష దాకా చదువుతాను, సాయంత్రం రెండు గంటలు ట్యూషన్ చెబుతాను.’ ఇందులో బాధ కూడా ఉంది, ఒక పని కూడా ఉంది. పాత వాక్యానికి మళ్ళీ అంకె వేయండి. 90 కాస్తా 60 అయితే అది మంచి ఫలితమే. సున్నా కావాలని పట్టుబడితే అది ఇంకో అలవాటవుతుంది.

అప్పటికీ అంకె కదల్లేదంటే రెండు కారణాలు ఉండొచ్చు. అసలు మాట ఇంకా కిందే ఉంది, ‘అయితే ఏటి?’ ఇంకో రెండుసార్లు అడగాలి. లేదా ఆ మాట నిజమే. అలాంటప్పుడు వాదించడం మానేసి, ఇది నిజమైతే ఈ వారం చేయగల పని ఏమిటని రాసుకోండి.

అయిదో మెట్టు: కాగితం వదిలి బయటికి

కొన్ని ఆలోచనలు కాగితం మీద ఓడిపోయి మనసులో గెలుస్తాయి. వాటికి ప్రయోగం కావాలి.

పాలకొండలో ఒకాయన కొట్టు మూతపడింది అనుకుందాం. అప్పటి నుంచి పెళ్ళిళ్ళకి, పేరంటాలకి పోవడం మానేశాడు. ‘పోతే పదిమంది అడుగుతారు, నవ్వుకుంతారు, గంట కూడా కూకోలేను.’ దీన్ని ముందే రాసి పెట్టుకోవాలి, అంకెలతో సహా. పదిమంది, నవ్వు, గంట. తర్వాత దగ్గర బంధువు ఇంటి భోజనానికి వెళ్ళాలి. ఫోన్‌లో మొహం పెట్టుకుని మూల కూర్చుంటే ప్రయోగం చెడిపోతుంది, ‘ఫోన్ ఉంది కనక బతికిపోయాను’ అంటుంది మనసు. బంతిలో కూర్చోవాలి. తిరిగొచ్చిన రాత్రే రాసుకోవాలి: ఎంతమంది అడిగారు? ఏ మాటలతో అడిగారు? ఎంతసేపు ఉన్నాను?

ఇద్దరు అడిగి ఉండొచ్చు. వాళ్ళలో ఒకాయన అడిగినట్టే అడిగి తన అప్పుల సంగతి ఎత్తుకుని ఉండొచ్చు. నిజంగా ఒకడు నవ్వినా అది కూడా లెక్కే, భరించగలిగారా లేదా అనేది తెలుస్తుంది. మానేస్తూ పోతే మాత్రం ఎన్నాళ్ళకీ ఏమీ తేలదు, ప్రతి పెళ్ళికీ భయం అంతే తాజాగా ఉంటుంది.

ఉద్దానం పరీక్ష మాట ఇక్కడ మళ్ళీ చెప్పాలి. క్రియాటినిన్ బాగానే ఉందని తేలాక కూడా వారం వారం ఇంకో ల్యాబ్‌కి పోయేవాళ్ళు ఉంటారు. అది ప్రయోగం కాదు, భయానికి మేత. ఎన్నాళ్ళకి ఒకసారి చూపించుకోవాలో డాక్టర్ని అడిగి ఆ తేదీ క్యాలెండర్‌లో రాసి, మధ్యలో భయం వచ్చినప్పుడు ఆ తేదీ చూపించండి.

ఆరో మెట్టు: తిరగలిలా తిరిగే ఆలోచనలకి వేళ పెట్టడం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు వేళ్ళతో లేచిపోయాయి. కొబ్బరి మళ్ళీ నాటితే కాపుకి ఏళ్ళు పడుతుంది. అది చూసినవాళ్ళకి అక్టోబరులో టీవీలో ‘బంగాళాఖాతంలో అల్పపీడనం’ అనగానే నిద్ర పట్టదంటే అది బలహీనత కాదు.

ఇలాంటి చింతని రెండుగా చీల్చాలి. చేయడానికి పని ఉన్నది ఒకటి: కాగితాలు ప్లాస్టిక్ సంచిలో పెట్టడం, పశువుల్ని ఎక్కడ కట్టాలో చూసుకోవడం, రేడియో, టార్చి సిద్ధం చేయడం, వాతావరణ శాఖ బులెటిన్ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడడం. ఆ పని చేసేయండి. పనిలేనిది రెండోది: ‘మళ్ళీ అంతా పోతే? పిల్ల పెళ్ళి ఎలగ?’ దీన్ని అణచొద్దు. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరికి తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దని చెప్పి చూశాడు. వాళ్ళకి అది పదే పదే గుర్తొచ్చింది. తర్వాత ఇక ఆలోచించుకోవచ్చు అనేసరికి, మొదటి నుంచీ స్వేచ్ఛగా ఆలోచించినవాళ్ళ కన్నా ఎక్కువ గుర్తొచ్చింది.

అందుకని వాయిదా వేయండి. రోజూ ఒకే వేళ, ఒకే చోట, ఇరవై నిమిషాలు చింతకి కేటాయించండి. సాయంత్రం అయిదున్నర అనుకోండి, మంచం మీద మాత్రం వద్దు, పడుకునే ముందూ వద్దు. పగలు ఆలోచన వచ్చినప్పుడు ఒక్క ముక్కలో రాసి ‘అయిదున్నరకి చూద్దాం’ అనుకోండి. ఆ వేళకి నిజంగా కూర్చుని చింతించండి. సగం ముక్కలు అప్పటికి చప్పబడిపోయి ఉంటాయి, మిగతా సగానికి నాలుగో మెట్టు ఉంది.

రాత్రి రెండింటికి మెలకువ వచ్చి మొదలయ్యే ఆలోచనలకి వేరే నియమం: ఆ వేళ ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, ఎవరికీ మెసేజ్ పెట్టకూడదు. నిద్ర రాకపోతే లేచి ఇంకో గదిలో సన్నటి దీపంలో కూర్చుని, నిద్ర వస్తేనే మంచం ఎక్కండి.

ఒంటి సంగతి క్లుప్తంగా. నిద్ర తగ్గిన వారం ఆలోచనలు నల్లబడతాయి. మద్యం తాగితే ఆ రాత్రి తేలికగా ఉండి మర్నాడు దిగులు రెట్టింపవుతుంది. అయ్యకోనేరు గట్టు మీదో, నాగావళి ఒడ్డునో రోజూ అరగంట గబగబా నడవండి, చెవిలో వార్తలు లేకుండా. ఉత్సాహం వచ్చాక నడుద్దాం అనుకోవద్దు. ముందు నడక, ఉత్సాహం తర్వాత వస్తుంది.

ఇంట్లోవాళ్ళకి

ఇలా బాధపడేవాళ్ళతో ఎలా మాట్లాడాలో తెలియక చాలామంది సలహా మొదలుపెడతారు. వద్దు, ముందు అడగండి.

“మావా, నాకింక ఉద్యోగం రాదు మావా.”

“ఎందుకురా అలగ అనుకుంతన్నావు? ఇయ్యాల ఏటైంది?”

“ఏటీ అవలేదు. మనోడు సచివాలయంలో సేరి రెండేళ్ళైపోనాది.”

“అది సూసి నీకేటనిపించిందిరా?”

మావ ఇక్కడ ‘వస్తాదిలే’ అనలేదు, ‘ఆడిని సూసి నేర్చుకో’ అనలేదు. మేనల్లుడి నోటితోనే అసలు వాక్యం బయటికి రప్పిస్తున్నాడు. అది వచ్చాక కాసేపు ఊరుకుని, ‘రేపు పొద్దున నాతో పొలానికి రా’ అంటే చాలు. పోలికలు తేవొద్దు, ఏ అన్నయ్య కొడుకుదీ వద్దు.

సొంత సాధన సరిపోనప్పుడు

రెండు వారాలకి మించి రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉన్నా, దేని మీదా ఇష్టం లేకపోయినా, నిద్ర, ఆకలి తప్పినా, పని చేయలేకపోతున్నా అది డిప్రెషన్ కావచ్చు. దానికి వైద్యం ఉంది, నోటుపుస్తకం ఒక్కటే చాలదు. థైరాయిడ్ తేడా, రక్తహీనత, బి12 లోపం కూడా మనిషిని ఇలాగే కుంగదీస్తాయి కనక రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే ఏ మెట్టూ వద్దు, వెంటనే పక్కనున్నవాళ్ళకి చెప్పి 14416కి ఫోన్ చేయండి. అది మానసిక సమస్యలకి సాయం చేసే టెలీ మానస్ హెల్ప్‌లైన్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో అలాంటివాళ్ళు ఉంటే ఒంటరిగా వదలొద్దు, పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి. మన పల్లెల్లో అవి చేతికందే చోటే ఉంటాయి.

ఎన్నాళ్ళు చేయాలి?

లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం చేసిన పరిశోధనలో ఒక కొత్త అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 రోజులు పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద తేడా రాలేదు. అవి తినడం, తాగడం, వ్యాయామం లాంటి అలవాట్లు, ఆలోచనల అలవాటుకి అంతకన్నా పట్టినా ఆశ్చర్యపోవద్దు.

మొదటి నెల రోజూ రాయండి. తర్వాత వారానికి రెండుసార్లు చాలు. కొన్నాళ్ళకి పుస్తకం అటక ఎక్కుతుంది, ఫర్వాలేదు. పాత వాక్యం మళ్ళీ వచ్చే రుతువులు మాత్రం మీకు ముందే తెలుసు: పరీక్ష ఫలితాలు, తుపాన్ల నెలలు, పెళ్ళిళ్ళ కాలం, అప్పు వాయిదా. వాటిని పుస్తకం చివరి అట్ట మీద రాసి పెట్టుకోండి. ఫలితాల తేదీ ప్రకటించిన రోజే పుస్తకం దించి ఎర్ర గీతలున్న పేజీలు చదవండి, ఫలితాలు వచ్చిన రాత్రి దాకా ఆగకండి.